మైకు మీ చేతిలోనే ఉంది అయ్యగారూ

గుంటూరు, పల్నాడు, బాపట్ల, కృష్ణా జిల్లాల సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, క్రైస్తవ టీవీ, యూట్యూబ్ ఛానళ్ళు నడుపుతున్న అన్నలకు, అక్కలకు

ప్రభువు నామంలో వందనాలు.

సినిమా చూడటం పాపమని చెప్పే ప్రసంగాలు చిన్నప్పటి నుంచి లెక్కలేనన్ని విన్నాను. సండే స్కూల్లో విన్నాను, యవనస్తుల కూటాల్లో విన్నాను, ఉజ్జీవ సభల్లో అర్ధరాత్రి దాకా కూర్చుని విన్నాను. మిర్చి ధర పడిపోయి మా వీధిలో సగం ఇళ్ళు అప్పుల్లో కూరుకుపోయిన ఏడాది, ఆ సంగతి మీద ఒక్క ప్రసంగం కూడా వినలేదు. ఈ ఉత్తరం అందుకే.

మాది ప్రత్తిపాడు వైపు పల్లె. నాన్న కౌలుకు మిర్చి వేస్తారు. మా చేలో పని లేని రోజుల్లో అమ్మ కూలికి వెళ్తుంది. డిగ్రీ అయ్యాక నేను బ్రాడీపేటలో ఒక ఎడిటింగ్ రూములో చేరాను. పెళ్ళి వీడియోలు కూడా చేస్తాం కానీ మాకు ఎక్కువగా వచ్చేది మీ పనే. క్రైస్తవ పాటలు, ప్రసంగాల క్లిప్పులు, క్రిస్మస్ ప్రోగ్రాములు. అటు పొలం గురించీ ఇటు కెమెరా గురించీ కాస్తో కూస్తో తెలిసినవాణ్ణి. బాప్తిస్మం తీసుకున్నాను, ఆదివారం ఆరాధన మానను, ఈస్టర్ నాటికలో పేతురు వేషం కూడా నాదే. బయటివాడెవడో రాళ్ళు వేస్తున్నాడని అనుకోకండి.

ముందు సినిమా సంగతి తేల్చేస్తాను, అది పెద్దదేం కాదు. మా వయసువాళ్ళు సినిమాలు చూస్తారు. మీకూ తెలుసు. థియేటర్ దగ్గర కనపడితే వచ్చే ఆదివారం పేరు చెప్పకుండా వాయిస్తారని ఫోన్లో చూసుకుంటారు, అంతే తేడా. అవే సినిమా ట్యూన్లకు మాటలు మార్చి సెమీ క్రిస్మస్‌లో పిల్లల చేత డాన్సులు కట్టిస్తాం, స్టేజీ ముందు కూర్చుని చప్పట్లు కూడా కొడతాం. దాని మీద నాకు పేచీ లేదు, పిల్లలు బాగానే ఆడతారు.

సినిమా మీద నాకూ కోపం ఉంది, మీ కోపం మాత్రం కాదు. పాస్టర్ వేషం వస్తే నవ్వించడానికో, మోసగాడిగా చూపించడానికో వాడుకుంటారని మీరు బాధపడతారు. నిజమే, నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ రైతుకు పట్టిన గతి చూడండి. హీరో విదేశం నుంచి దిగుతాడు, పంచె ఎగ్గట్టి నాగలి పడతాడు, పాట పూర్తయ్యేసరికి పంట ఇంటికొస్తుంది. ఆ పొలం ఎప్పుడూ అతని సొంతమే. కౌలు ఎంతో, ఎవరికి కట్టాలో అతనికి అక్కర్లేదు. కలుపు తీసే ఆడవాళ్ళు పాటలో వెనక వరసలో ఉంటారు.

పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా ఖర్చు ఎక్కువైంది, టికెట్ రేటు పెంచుకోనివ్వండి అని అడుగుతారు, జీవో వస్తుంది. మంచిదే, వాళ్ళ పెట్టుబడి వాళ్ళకు రావాలి. మరి విత్తనం రేటు పెరిగింది, మందుల రేటు పెరిగింది, కోత కూలి పెరిగింది అని నాన్న ఎవరిని అడగాలి? కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిర్చి పేరే లేదు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు మా గుంటూరులో ఉందని బంధువులకు గొప్పగా చెప్పుకుంటాం. ఆ యార్డులోకి వెళ్ళే సరుకుకు ఇంతకన్నా కిందికి దిగకూడదు అనే గీత ఒకటి లేదు. పాపం గురించి ప్రసంగం చెప్పాలంటే ఇంతకన్నా వస్తువు దొరుకుతుందా?

2025 ఫిబ్రవరి గుర్తుందా? అంతకుముందు క్వింటా 20 వేలు దాటి అమ్ముకున్న తేజ రకం మిర్చి పదకొండు, పన్నెండు వేలకు వచ్చింది. మిగతా రకాలు ఇంకా కిందికి. రంగు పోయిన తాలు కాయల సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను నాన్నతో పాటు యార్డుకు వెళ్ళాను. టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి కొనేవాడు లోపలికి చెయ్యి పెడతాడు. గుప్పెడు కాయలు తీసి ఒకటి విరిచి వాసన చూస్తాడు, తేమ ఉందంటాడు, మిగిలినవి మచ్చు కింద పక్కన పడేసి ఇంకో బస్తా దగ్గరికి పోతాడు. ఆరు నెలల కష్టం మీద తీర్పు అర నిమిషంలో అయిపోతుంది. ఆ ధరకు ఇవ్వను అని నాన్న అనలేరు. పురుగుమందులకు అప్పు ఇచ్చింది ఆ కమీషన్ కొట్టు ఆయనే. కోల్డ్ స్టోరేజీలో పెడదామంటే దానికి అద్దె, పైగా అప్పు మీద వడ్డీ ఆగదు కదా.

ఆ రోజుల్లో న్యూస్ ఛానళ్ళ వాళ్ళు యార్డుకు రాలేదని నేననను. వచ్చారు. ఏ నాయకుడు వచ్చాడు, వెంట ఎంతమంది వచ్చారు, ఎన్నికల కోడ్ ఉందా లేదా, కేసు పెట్టారా లేదా అని రాత్రి పొద్దుపోయేదాకా చర్చ పెట్టారు. తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర, 2.43 లక్షల టన్నుల వరకు అని ప్రకటించింది. అది ఒక పూట స్క్రోలింగ్‌లో తిరిగి వెళ్ళిపోయింది. ఆ డబ్బు ఎవరికి వస్తుంది, యార్డులో అమ్మిన చీటీ చాలా, ఇంకేం కాగితాలు కావాలి, కౌలుకు చేసేవాడి పరిస్థితేమిటి అని కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు మాకు కనపడలేదు. నాన్న నన్ను ఫోన్లో వెతకమన్నారు. వెతికితే ఇద్దరు నాయకులు తిట్టుకునే వీడియోలే వరసగా వచ్చాయి.

మహారాష్ట్రలోని విదర్భలో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకుంటున్న రోజుల్లో ముంబైలో జరిగిన ఫ్యాషన్ వీక్ గురించి విలేకరి పి. సాయినాథ్ చెప్పిన మాట చాలామంది విన్నారు. అక్కడ నూలు బట్టల ప్రదర్శనకు అయిదొందల మందికి పైగా విలేకరులు వెళ్ళారు. ఆ పత్తి పండించినవాళ్ళ చావుల గురించి రాయడానికి దేశం మొత్తం మీద వెళ్ళినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాట విన్నప్పుడు నాకు న్యూస్ ఛానళ్ళకన్నా ముందు మన పాటల షూటింగులు గుర్తొచ్చాయి.

ఆ షూటింగులు ఎలా జరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్తాను. వరి పచ్చగా ఉన్నప్పుడు గట్టు మీద, ఫిబ్రవరిలో అయితే మిర్చి కల్లాల్లో. ఎర్రగా పరిచిన కాయల మధ్య తెల్లబట్టలేసుకుని గాయకుడు చేతులు చాపి నడుస్తుంటే పైనుంచి డ్రోన్ తీస్తుంది. నిజంగా చాలా బాగుంటుంది, ఎడిట్ చేసేవాడిగా ఒప్పుకోవాలి. మా ఊరి దగ్గర అలాంటి షూటింగ్ ఒకటి జరిగింది. పక్క చేలో ఆడవాళ్ళు కాయ కోస్తున్నారు. ఫ్రేములోకి వస్తున్నారు, కాసేపు పక్కకు జరగండమ్మా అన్నారు. దేవుడి పాట కదా అని జరిగారు. తలగుడ్డలు సర్దుకుని గట్టు మీద ఎండలో కూర్చున్నారు. మా వైపు కోత కూలి కేజీల లెక్క. అరగంట కూర్చుంటే అరగంట కూలి పోయినట్టే. ఎవరూ వాళ్ళకు నష్టం కట్టివ్వలేదు, వాళ్ళూ అడగలేదు. ఆ పాటకు లక్షల వ్యూస్ వచ్చాయి. కింద కామెంట్లలో లొకేషన్ సూపర్ బ్రదర్ అని ఉంది.

మన ఛానళ్ళలో పొలం ఉంది, పొలం మీద బతికేవాళ్ళు లేరు. నా గొడవంతా ఇదే.

పొలం కబుర్లు పెడితే ఎవరు చూస్తారు అని మీలో ఒకరు నాతో అన్నారు. చూస్తారు అయ్యగారూ. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. మా తాతయ్య తరం పంటల కబుర్లు ఆ రేడియోలోనే విన్నది. ఈటీవీ వచ్చిన కొత్తలో పొద్దున్నే అన్నదాత కార్యక్రమం కోసం టీవీ ఉన్న ఇంటికి వెళ్ళి కూర్చునేవాళ్ళమని నాన్న చెప్తారు. ఇప్పుడు అదే నాన్న పొద్దున్నే ఫోన్లో మీ వాక్యం పెట్టుకుని చేలో మందు కొడతారు. ఇంతకన్నా శ్రోత ఎక్కడ దొరుకుతాడు?

ఆయన వింటారు కాబట్టే భయం కూడా వేస్తుంది. 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి తోటలను నాశనం చేసినప్పుడు, ఒక ఛానల్లో ప్రార్థన చేసిన నూనె తెప్పించుకుని చేలో చల్లమన్నారు. మా ఊళ్ళో ఒకాయన చల్లాడు. మొక్కల మీద ఆశతో చల్లాడు, నేను నవ్వను. కానీ లాం ఫాం మనకు ఎంత దూరం? వ్యవసాయ విశ్వవిద్యాలయమే అక్కడుంది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టుకోండి, పక్కవాడు చెప్పాడని రోజుకో మందు కలిపి కొట్టకండి అని అక్కడి శాస్త్రవేత్తతో అదే ఛానల్లో అయిదు నిమిషాలు చెప్పిస్తే ఆయన అదీ వినేవాడు. మన మాట మీద అంత నమ్మకం ఉన్న మనిషికి మనం చెప్పింది నూనె గురించి.

ఇక కౌలు. అసలు విషయం ఇది, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన సంఘాల్లో ఎక్కువమందికి భూమి లేదు. ఎందుకు లేదో మీకు నేను చెప్పక్కర్లేదు, మన వాడలు ఊరికి ఏ దిక్కున ఉంటాయో చూస్తే తెలుస్తుంది. (కాగితాల్లో ఒక మతం, ఆదివారం ఒక మతం ఎందుకు ఉంటుందో, క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదనే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మనవాళ్ళు ఎందుకు నోరు మెదపరో అది వేరే ఉత్తరం.) భూమి లేనివాళ్ళు కౌలుకు తీసుకుంటారు. కౌలు ముందే కట్టాలి, పంట పండినా ఎండినా. ఇలాంటి రైతుల కోసం 2011లో ఒక చట్టం చేశారు, రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, పదకొండు నెలలు చెల్లే కార్డు ఇస్తామన్నారు. ఆ కార్డు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, పంట మీదే. అది ఉంటే బ్యాంకు అప్పు అడగొచ్చు, సర్కారు పంటల నమోదైన ఈ-క్రాప్‌లో పేరు ఎక్కించుకోవచ్చు, బీమాకూ నష్టపరిహారానికీ దారి ఉంటుంది. అంతా బాగానే ఉంది. కానీ దాని మీద భూమి ఉన్నాయన సంతకం పెట్టాలి.

అక్కడే ఆగిపోతుంది. సంతకం పెడితే పొలం పోతుందని భయం. పోదు, చట్టమే చెప్తోంది, అయినా భయం. సర్కారు ఇచ్చే సాయం వేరేవాళ్ళకు పోతుందని ఇంకో భయం. నాన్న అడిగితే, పొలం ఉన్నాయన వచ్చే ఏడాది నుంచి వేరేవాళ్ళకు ఇచ్చుకుంటాంలే అని నవ్వుతూనే అన్నారట. నాన్న మళ్ళీ అడగలేదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా చేలో మూడు రోజులు నీళ్ళు నిలబడి మొక్కలు వేర్లు కుళ్ళి వడలిపోయాయి. నష్టపరిహారం జాబితాలో నాన్న పేరు లేదు, చేలో చెమట ఉన్నా కాగితం లేదు కాబట్టి.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తున్నాను. పొలం ఉన్నవాళ్ళలో మన సంఘాల వాళ్ళు కూడా ఉన్నారు. ఉద్యోగాలు చేసి భూములు కొన్నవాళ్ళు, గుంటూరులోనో విజయవాడలోనో ఉంటూ కౌలుకు ఇచ్చేవాళ్ళు, పెద్దల వరసలో కూర్చునేవాళ్ళు. ఆ పొలం చేసేవాడూ అదే గుడికి వస్తాడు. ఇద్దరూ ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరించి ఒకే రొట్టె తింటారు. బయటికొచ్చాక ఒకరి కాగితం మీద ఇంకొకరు సంతకం పెట్టరు. దీని గురించి మీరు మాట్లాడలేరా? కలెక్టరు మాట్లాడితే పొలం ఉన్నాయనకు భయం, వీఆర్వో మాట్లాడితే అనుమానం. మీరు మాట్లాడితే కనీసం వింటాడు. మీరు అడిగితే దశమ భాగం తీసి ఇచ్చే మనిషి, మీరు అడిగితే ఒక సంతకం పెట్టడా?

రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్న కథ చెప్పినప్పుడల్లా మీరు దాన్ని పెళ్ళి దగ్గరికి తీసుకెళ్తారు. భూమి లేని పరదేశి విధవరాలికి ఆ చేలో అడుగు పెట్టే హక్కు ధర్మశాస్త్రమే ఇచ్చింది, చేను అంచులు కోయకుండా వదలమని చెప్పింది. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని చెప్పింది. తప్పుడు తూకం వేసే వ్యాపారులను ఆమోసు ప్రవక్త ఎంత ఉతికాడో మీకన్నా ఎవరికి బాగా తెలుసు? ఆయన కూడా పశువులు కాసుకుని, మేడిపళ్ళు ఏరుకునేవాడే. యార్డులో తరుగు పేరుతో తగ్గించిన కేజీల మీద ప్రసంగం చెప్పాలంటే వాక్యం వెతుక్కోవక్కర్లేదు, ఉంది.

ఇది రాజకీయం, మాకెందుకు అంటారేమో. సెమీ క్రిస్మస్‌కి ఎమ్మెల్యేను పిలిచి కేకు కోయించేది మనమే కదా. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ ఆయన వస్తాడు, శాలువా కప్పుతాం, గుడి ప్రహరీ గోడకు నిధులు అడుగుతాం, ఆయన మైకులో సరేనంటాడు. అప్పుడు రాని రాజకీయం కౌలు కార్డు అడిగితే ఎందుకు వస్తుంది? ఈసారి శాలువాతో పాటు, ఊళ్ళో కార్డు రాని కౌలు రైతుల జాబితా ఆయన చేతిలో పెట్టండి. కేకు కోసేటప్పుడు ఎలాగూ వీడియో తీస్తాం, అదీ తీస్తాం.

ఆ జాబితా ఎక్కడిది అంటారా, మీ బల్ల మీదే ఉంది. ఆదివారం మీకు వచ్చే ప్రార్థన చీటీలు చూడండి. పరీక్షలు, పెళ్ళిళ్ళు, వీసాలు, జబ్బులు ఉంటాయి. పల్లె సంఘాల్లో అయితే సగం చీటీల్లో అప్పుల బాధ తీరాలి, పంట చేతికి రావాలి, కౌలు కట్టాలి, బంగారం వేలానికి వెళ్ళకూడదు అని ఉంటుంది. ఏ ఛానల్ విలేకరికీ దొరకని సమాచారం అది. ఏ ఇల్లు ఏ నెలలో ఇబ్బందిలో పడుతుందో వ్యవసాయ శాఖకన్నా ముందు మీకు తెలుస్తుంది. పేర్లు బయట పెట్టమనడం లేదు, అది ఘోరం. ఇన్ని ఇళ్ళు అని చెప్తే చాలు. అప్పుల వల్ల ఎవరైనా ప్రాణం తీసుకుంటే సమాధి దగ్గర మీరు ఏం మాట్లాడాలా అని తడబడటం నేను చూశాను. అలా చేయకూడదు అని చెప్పి ముగించారు. చీటీ రాసిన రోజే ఎవరైనా వాళ్ళింటికి వెళ్ళుంటే బాగుండేదని ఆ రోజు చాలామంది అనుకున్నారు.

మనకు చేతకాక కాదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మన యవనస్తులు ట్రాక్టర్ల మీద పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు పట్టుకుని మెడలోతు నీళ్ళలోకి వెళ్ళారు. ప్రసంగాలు పెట్టే ఛానళ్ళలోనే ఎక్కడ భోజనం దొరుకుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో పెట్టారు. ఎంతమందికి పనికొచ్చిందో. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలిన ఆ రోజుల్లోనే దిగువన కొల్లూరు, కొల్లిపర వైపు లంకల్లో అరటి, పసుపు, కంద మునిగిపోయాయి. అక్కడికి కెమెరాలు తక్కువ వెళ్ళాయి, మనమూ తక్కువే వెళ్ళాం. నగరంలో చేసింది లంకలో చేయలేమా?

నేను అడిగేది కొంచెమే. ఆదివారం ప్రకటనలప్పుడు ఆ వారం యార్డు ధరలు ఒక నిమిషం చెప్పండి, వివాహ ప్రకటనలు చదివినట్టే. ప్రార్థన కోసం ఫోన్ చేయండి అని స్క్రీన్ కింద నడిపే నంబరు పక్కన కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551 కూడా నడపండి, డబ్బులేం కాదు. కోత పండుగ రోజు గుమ్మడికాయను వేలం పాటలో వేలకు పాడుకుంటాం కదా, ఆ డబ్బులో కొంత ఆ ఏడాది పంట పోయిన ఇళ్ళకు పక్కన పెట్టండి. గుడికి రంగులు మరుసటి ఏడాది వేసుకోవచ్చు. పాటలు తీసేవాళ్ళకు ఒక్క మాట: కూలీలను ఫ్రేములోంచి తప్పించకండి. కాసేపు పని ఆపించాల్సి వస్తే ఆ కూలి లెక్కగట్టి ఇచ్చేయండి.

ఖరీఫ్ మొదట్లో కౌలు కార్డుల దరఖాస్తులు తీసుకుంటారు. దాని మీద నాలుగు నిమిషాల వీడియోకి స్క్రిప్టు రాసి పెట్టుకున్నాను. కార్డు అంటే ఏమిటి, రైతు సేవా కేంద్రంలో ఎవరిని కలవాలి, సంతకం పెడితే పొలం ఎందుకు పోదు, అంతే. నేను చెప్తే ఎడిటింగ్ కుర్రాడు చెప్తున్నాడంటారు, మీలో ఒకరు చెప్పాలి. పెద్దల వరసలో పొలం ఉన్నాయన ఒకరు పక్కన కూర్చుని కెమెరా ముందే సంతకం పెడితే ఇంకా మంచిది. ఎడిటింగ్‌కి నాకేమీ ఇవ్వక్కర్లేదు. డ్రోన్ కూడా అక్కర్లేదు, మా కల్లం దగ్గర వేప చెట్టు కింద తీద్దాం, పొద్దున ఎనిమిదిలోపు అయితే వెలుతురు బాగుంటుంది, కూలీలు ఇంకా రారు కాబట్టి ఎవరి కూలీ పోదు.

ఇట్లు
మీ సంఘ యవనస్తుడు
గుంటూరు